మిల్లులో ఎర్రజెండా, వాడలో కాషాయం: బొంబాయి మిల్లు కార్మికుల రాజకీయ ఎంపిక (1966–1985)

వ్యాససంగ్రహం

కార్మిక సంఘంలో సభ్యత్వం ఉండి, సమ్మె పిలుపుకు కట్టుబడి, వేతనం కోసం పోరాడే కార్మికులలో ఒక భాగం ఎన్నికల వేళ ఆ సంఘాలను శత్రువులుగా చూసే నాయకులవైపు మొగ్గడం ఇరవయ్యో శతాబ్దపు కార్మిక చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. దీనిని అజ్ఞానంగానో, మోసపోవడంగానో వివరించడం పరిపాటి. బొంబాయి బట్టల మిల్లుల ప్రాంతమైన గిరణ్‌గావ్‌లో 1966 నుంచి 1985 వరకు జరిగిన పరిణామాలను ఆధారంగా చేసుకొని ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంఘం కార్మికుణ్ణి మిల్లు గేటు లోపలి మనిషిగా మాత్రమే చూడటం మొదలుపెట్టిన తరువాత గేటు బయటి జీవితంలోకి మరొక రాజకీయం ప్రవేశించిందని, కార్మికుడు సందర్భాన్నిబట్టి రెండింటి మధ్య కదిలాడని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కార్మిక సంఘం, గిరణ్‌గావ్, శివసేన, సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం, భూమిపుత్ర వాదం, 1982 సమ్మె, దత్తా సామంత్.

1. ఉపోద్ఘాతం

1980లో అమెరికా విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగుల సంఘం అధ్యక్ష పదవికి రోనాల్డ్ రీగన్‌ను బలపరిచింది. మరుసటి సంవత్సరం ఆగస్టులో ఆ సంఘం సమ్మె చేసినప్పుడు పదకొండు వేల మందికి పైగా ఉద్యోగులను అదే రీగన్ తొలగించాడు. కార్మిక చరిత్రకారులు తరచూ ఉదాహరించే ఘటన ఇది. అయితే అక్కడ బలపరిచింది సంఘ నాయకత్వం. దానికన్నా జటిలమైన సమస్య మరొకటి ఉంది. సంఘం ఒకరివైపు ఉండగా, ఆ సంఘంలోని సాధారణ సభ్యుడు దానికి బద్ధవ్యతిరేకి అయిన వారివైపు ఎందుకు వెళ్తాడు? ఇది ఒక్క అమెరికాకు పరిమితమైన ప్రశ్న కాదు. మన దేశంలో దీనిని అతి స్పష్టంగా చూపిన ప్రదేశం బొంబాయి.

ఈ ప్రశ్నకు రెండు సిద్ధ సమాధానాలు వాడుకలో ఉన్నాయి. కార్మికుడు తన వర్గప్రయోజనాన్ని తాను గుర్తించలేకపోయాడన్నది మొదటిది. వామపక్ష చర్చలలో దీనినే ‘తప్పుడు చైతన్యం’ అంటారు. కార్మికుడికి అసలు వర్గచైతన్యమే లేదు, కులమూ భాషా ప్రాంతమే అతని నిజమైన అస్తిత్వం అన్నది రెండవది. మొదటి సమాధానం నిజమైతే కార్మికుడు సంఘంలో ఎందుకు కొనసాగాడో చెప్పలేం. రెండవది నిజమైతే అదే కార్మికుడు నెలల తరబడి జీతం లేకుండా సమ్మెలో ఎలా నిలబడ్డాడో చెప్పలేం. బొంబాయి మిల్లు కార్మికుల చరిత్రలో ఈ రెండూ పక్కపక్కనే జరిగాయి. కాబట్టి ఆ రెండింటినీ కలిపి వివరించగలిగిన సమాధానం కావాలి.

2. గిరణ్‌గావ్: మిల్లూ వాడా ఒకటైన కాలం

బొంబాయిలో మొదటి బట్టల మిల్లు కావస్‌జీ దావర్ చొరవతో 1854లో రూపుదిద్దుకొని 1856లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ తరువాతి అర్ధశతాబ్దంలో పరేల్, లాల్‌బాగ్, వర్లీ, భాయ్‌ఖళా పరిసరాలు మిల్లులతో నిండిపోయాయి. మరాఠీలో ‘గిరణి’ అంటే మిల్లు. ఆ ప్రాంతానికి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు అన్న పేరు స్థిరపడింది. కార్మికులు ప్రధానంగా కొంకణ తీరంలోని రత్నగిరి నుంచి, సహ్యాద్రికి ఇవతలి సతారా, కొల్హాపూర్ ప్రాంతాల నుంచి వచ్చారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు, తెలంగాణ చేనేత కుటుంబాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు కూడా ఈ శ్రామిక జనంలో భాగమే.

పనిలోకి చేర్చుకొనేది జాబర్ అనే మేస్త్రీ. అతడు తన ఊరివాళ్లను, బంధువులను తెచ్చేవాడు. శాశ్వత కార్మికుడు రాని రోజున అతని స్థానంలో పనిచేసేందుకు ‘బద్లీ’ కార్మికులు ప్రతిరోజూ గేటు ముందు నిలబడేవారు. పని దొరకాలంటే మనిషికి వాడలో పలుకుబడి ఉండాలి, ఊరివాళ్ల అండ ఉండాలి. చాళ్‌లోని ఒకే గదిలో పదిమంది సర్దుకొనేవారు. కుటుంబాన్ని ఊళ్లో వదిలి వచ్చినవారికి ‘ఖానావళి’ నడిపే స్త్రీలు నెలవారీ లెక్కన భోజనం పెట్టేవారు. కిరాణా కొట్టు అప్పు, వ్యాయామశాల, గణపతి ఉత్సవం, భజన మండలి ఇవన్నీ మిల్లు జీవితానికి కొనసాగింపులే.

చరిత్రకారుడు రాజనారాయణ్ చందావర్కర్ బొంబాయి కార్మికవర్గంపై చేసిన పరిశోధనలో ప్రధానంగా నిరూపించిన విషయం ఇదే. సమ్మెలు మిల్లులో మాత్రమే జరగలేదు, వాడలో కూడా జరిగాయి. కొట్టువాడు అప్పు ఇస్తేనే, గది యజమాని అద్దెకు ఆగితేనే, మేస్త్రీ బయటివాళ్లను పనిలోకి తీసుకురాకపోతేనే సమ్మె నిలబడేది. 1908లో తిలక్‌కు శిక్ష పడినప్పుడు మిల్లు కార్మికులు ఆరు రోజులు పని మానేశారు. 1928లో లక్షన్నర మంది ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు సమ్మె చేశారు. ఆ సమ్మెలోనే పుట్టిన గిర్ణీ కామ్‌గార్ యూనియన్ ఆ సంవత్సరాంతానికి యాభై వేలకు పైగా సభ్యులను చేర్చుకుంది. దాని జెండా ఎర్రది. కార్మికుల నోట అది ‘లాల్ బావటా’ అయింది.

ఆ సంఘానికి తొలినాటి నుంచే ఒక లోపమూ ఉంది. నేతశాఖలో జీతం ఎక్కువ. అందులో దారం కండెను నోటితో పీల్చవలసి వచ్చేది గనుక అంటరాని కులాలవారిని అక్కడ పనిలోకి రానిచ్చేవారు కాదు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ విషయాన్ని సంఘం ముందు ఉంచి గట్టిగా ప్రశ్నించారు. 1938 నవంబరు 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా అంబేడ్కర్ నాయకత్వంలోని ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి సమ్మె చేశారు. అయినా మిల్లు లోపలి కులవివక్ష సంఘానికి ప్రధాన సమస్య కాలేదు. గేటు బయట మనిషి అనుభవించే అవమానాన్ని తన పరిధిలోనిదిగా చూడకపోవడం అన్న అలవాటు మొదలైంది ఇక్కడే.

3. చట్టం చేసిన మార్పు

1946లో బొంబాయి రాష్ట్ర ప్రభుత్వం బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టాన్ని తెచ్చింది. అప్పటి కార్మిక మంత్రి గుల్జారీలాల్ నందా. ఈ చట్టం ప్రకారం ఒక ప్రాంతంలోని ఒక పరిశ్రమకు ఒకే ‘ప్రాతినిధ్య సంఘం’ ఉంటుంది. యాజమాన్యంతో ఒప్పందం చేసుకొనే హక్కు దానిదే. మిగతా సంఘాలకు ఎంత బలమున్నా చర్చల బల్ల దగ్గర చోటు ఉండదు. కాంగ్రెస్ అనుబంధ రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కు ఆ గుర్తింపు దక్కి, దశాబ్దాల పాటు దాని చేతిలోనే ఉండిపోయింది. రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకొనే అవకాశం మిల్లు కార్మికులకు దక్కలేదు.

దీని ఫలితాలు రెండు. ‘యూనియన్’ అన్న మాటకు కార్మికుని అనుభవంలో రెండు వేర్వేరు అర్థాలు ఏర్పడ్డాయి. ఒకటి, తాను కోరుకోకపోయినా తన తరఫున సంతకం పెట్టే కార్యాలయం. మరొకటి, తాను నమ్మినా తన కోసం సంతకం పెట్టే అధికారం లేని ఎర్రజెండా. సంఘాలను విమర్శించే నాయకుడు వచ్చినప్పుడు కార్మికునికి మొదట గుర్తుకు వచ్చేది ఆ కార్యాలయమే. సంఘ వ్యతిరేక ప్రచారానికి కార్మికులలోనే చెవి ఒగ్గేవారు ఎందుకున్నారో అర్థం చేసుకోవడానికి ఇది కీలకం.

రెండవ ఫలితం ఎర్రజెండా సంఘం మీద పడింది. చట్టబద్ధమైన హోదా లేక, కోర్టుల చుట్టూ, ట్రిబ్యునళ్ల చుట్టూ, బోనస్ లెక్కల చుట్టూ దాని శక్తి ఖర్చయింది. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిక ఆ శక్తిని ఇంకా తగ్గించింది. 1928లో వాడల నుంచి పుట్టిన సంఘం అరవయ్యో దశకానికి వేతన వ్యవహారాల సంఘంగా మిగిలింది.

4. భాషా ఉద్యమం: వామపక్షం స్వయంగా నేర్పిన భాష

శివసేన మరాఠీ అస్తిత్వ నినాదాన్ని శూన్యం నుంచి పుట్టించలేదు. బొంబాయితో కూడిన మరాఠీ రాష్ట్రం కోసం 1956లో ఏర్పడిన సంయుక్త మహారాష్ట్ర సమితిలో ఎస్.ఎం. జోషీ, ఆచార్య అత్రే వంటివారితో పాటు మిల్లు కార్మికుల నాయకుడు ఎస్.ఎ. డాంగే ముందువరుసలో ఉన్నారు. బాల్ ఠాక్రే తండ్రి ప్రబోధన్‌కార్ ఠాక్రే కూడా ఆ ఉద్యమ నాయకులలో ఒకరు. పోలీసు కాల్పులలో నూరుమందికి పైగా మరణించిన ఆ ఉద్యమంలో గిరణ్‌గావ్ ముందు నిలిచింది. అణ్ణాభావూ సాఠే, అమర్ షేఖ్ వంటి కమ్యూనిస్టు ప్రజాగాయకులు వీధి వీధికీ ఆ సందేశాన్ని చేర్చారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. కార్మిక దినోత్సవమూ రాష్ట్రావతరణ దినోత్సవమూ ఒకే రోజు కావడం ఆ కలయికకు చిహ్నం.

ఆ ఉద్యమంలో పెట్టుబడిదారుడు, మరాఠేతరుడు అన్న రెండు మాటలూ ఒకే మనిషిని సూచించాయి. మిల్లు యజమానులలో గుజరాతీలు, పార్సీలు, మార్వాడీలు ఎక్కువ కావడమే దీనికి కారణం. బొంబాయి మరాఠీ శ్రామికుడిది అన్న వాక్యంలో ‘మరాఠీ’ ఎంత, ‘శ్రామికుడు’ ఎంత అని విడదీసి చూడవలసిన అవసరం ఉద్యమకాలంలో ఎవరికీ కలగలేదు. రాష్ట్రం వచ్చింది. యజమానులు మారలేదు, చాళ్‌ల గదులు పెరగలేదు, కార్మికుల కొడుకులకు ఉద్యోగాలు దొరకలేదు. రాష్ట్రసాధనతో సమితి పని ముగిసింది, వామపక్షం వేతన పోరాటాలకు తిరిగి వెళ్లింది. ‘మన నగరంలో మనకే చోటు లేదు’ అన్న భావన మాత్రం వాడలో మిగిలిపోయింది. దానిని అందుకున్నవాడు వేరొకడు.

5. శివసేన: శాఖ, కత్తి, కొలువు

వ్యంగ్యచిత్రకారుడైన బాల్ ఠాక్రే 1960లో ‘మార్మిక్’ వారపత్రికను ప్రారంభించాడు. 1966 జూన్ 19న శివసేన ఏర్పడింది. మరాఠీలకు నూటికి ఎనభై ఉద్యోగాలు ఇవ్వాలన్నది దాని ప్రధాన నినాదం. తొలి దాడి దక్షిణాదివారిపైన. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, తెలుగువారు అన్న తేడా లేకుండా అందరినీ ‘మద్రాసీ’ అన్న ఒక్క పేరు కిందికి తెచ్చి, గుమాస్తా కొలువులను వారు ఆక్రమించారని ప్రచారం చేసింది. రెండవ శత్రువు కమ్యూనిస్టులు. 1967లో పరేల్‌లోని దళ్వీ బిల్డింగ్‌లో ఉన్న గిర్ణీ కామ్‌గార్ యూనియన్ కార్యాలయంపై శివసైనికులు దాడి చేశారు. 1968లో భారతీయ కామ్‌గార్ సేన పేరుతో శివసేన సొంత కార్మిక విభాగాన్ని స్థాపించింది. వర్గపోరాటాన్ని నిరాకరించి యాజమాన్యంతో సహకారాన్ని బోధించిన సంఘం అది. 1968 నగరపాలక ఎన్నికల్లో 140 స్థానాలలో 42 గెలిచి శివసేన రెండేళ్లలోనే ప్రధాన శక్తిగా ఎదిగింది. వామపక్షాన్ని అదుపులో పెట్టేందుకు పాలక కాంగ్రెస్ వర్గాలు, యాజమాన్యాలు ఈ కొత్త సంస్థ ఆగడాలను చూసీచూడనట్టు వదిలేశాయని పరిశోధకులు పలువురు నిర్ధారించారు. ముఖ్యమంత్రి వసంతరావ్ నాయక్ పేరును చేర్చి ప్రత్యర్థులు దానిని ‘వసంతసేన’ అని ఎద్దేవా చేసేవారు.

అయితే పైనుంచి వచ్చిన అండ ఒక్కటే కింది ఆదరణను వివరించలేదు. శివసేన వాడవాడలా ‘శాఖ’ను తెరిచింది. కొళాయి నీరు రాకపోయినా, ఆసుపత్రికి వాహనం కావలసివచ్చినా, ఇంటి అద్దె తగాదా వచ్చినా, కొడుక్కి ఉద్యోగానికి సిఫారసు కావలసినా శాఖకు వెళ్లవచ్చు. డెబ్బయ్యో దశకంలో స్థానీయ లోకాధికార సమితి బ్యాంకులలో, బీమా సంస్థలలో మరాఠీ యువకుల నియామకాల కోసం ఒత్తిడి తెచ్చింది. మిల్లు కార్మికుని కొడుకు మిల్లులోకి వెళ్లదలచుకోలేదు. పదో తరగతి చదివిన అతనికి కావలసింది కుర్చీలో కూర్చొనే కొలువు. తండ్రి వేతనం గురించి మాట్లాడే సంఘం దగ్గర కొడుకు నిరుద్యోగానికి సమాధానం లేదు. దీపాంకర్ గుప్తా, మేరీ కాట్జెన్‌స్టైన్ చేసిన తొలి అధ్యయనాలు శివసేన బలాన్ని ఈ ఉద్యోగ ప్రశ్నతో ముడిపెట్టి పరిశీలించాయి.

అంటే గిరణ్‌గావ్‌లోని ఒకే గదిలో ఒకే కుటుంబం రెండు రాజకీయాలతో సంబంధం పెట్టుకుంది. మిల్లులో తండ్రికి ఎర్రజెండా కావాలి, వాడలో కొడుక్కి శాఖ కావాలి. ఇందులో అజ్ఞానం కన్నా లెక్కే ఎక్కువ. కానీ ఆ లెక్కలో పొరుగు గదిలోని దక్షిణాది కార్మికుడు, ముస్లిం కార్మికుడు, దళితుడు ఏమైపోతారన్న ప్రశ్నకు చోటు లేకపోవడాన్ని కూడా గుర్తించాలి. కార్మికుని ఎంపికను అర్థం చేసుకోవడం ఆ ఎంపిక పర్యవసానాలను సమర్థించడం కాదు.

6. రెండు ఉప ఎన్నికలు: 1970, 1974

పరేల్ శాసనసభ్యుడు కృష్ణా దేశాయి కమ్యూనిస్టు. తన పార్టీలోని చాలామందికి భిన్నంగా ఆయన వాడ యువకులను కూడగట్టే పనిలో ఉండేవాడు. 1970 జూన్ 5 రాత్రి ఆయనను హత్య చేశారు. ఈ కేసులో శిక్షపడినవారు శివసేనతో సంబంధం ఉన్నవారు. అదే సంవత్సరం అక్టోబరులో జరిగిన ఉప ఎన్నికలో కమ్యూనిస్టు పార్టీ ఆయన భార్య సరోజినీ దేశాయిని నిలబెట్టింది. శివసేన అభ్యర్థి వామన్‌రావ్ మహాడిక్ 1,679 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. శాసనసభలో శివసేనకు అది మొదటి స్థానం. అది కూడా ఎర్రకోటగా పేరుపడిన పరేల్‌లో.

ఈ ఫలితాన్ని ‘కార్మికవర్గం కాషాయానికి మారింది’ అని చదవడం తేలిక. కానీ ఆధిక్యం ఎంత స్వల్పమో గమనించాలి. దాదాపు సగంమంది ఓటర్లు ఎర్రజెండాతోనే ఉన్నారు. మరొక సంగతి: వాడలోకి వెళ్లి పనిచేసిన వామపక్ష నాయకుడే హత్యకు గురయ్యాడు. గేటు బయటి ప్రపంచాన్ని వామపక్షం తనంతట తాను వదులుకుంది అనడం పూర్తి నిజం కాదు. కొంత వదులుకుంది, కొంత హింసతో లాక్కున్నారు.

నాలుగేళ్లలోపే అదే ప్రాంతం వేరే తీర్పు ఇచ్చింది. 1974 జనవరిలో బొంబాయి దక్షిణ మధ్య లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. కాంగ్రెస్ అభ్యర్థి రామ్‌రావ్ ఆదిక్‌కు శివసేన మద్దతిచ్చింది. గెలిచింది కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి, డాంగే కుమార్తె రోజా దేశ్‌పాండే. ఆ రోజుల్లోనే మిల్లు కార్మికులు డాంగే నాయకత్వంలో 42 రోజుల సమ్మె సాగించారు. 1972లో ఏర్పడిన దళిత్ పాంథర్స్ ఆ ఎన్నికను బహిష్కరించాలని పిలుపునిచ్చింది. దాని సభ తరువాత వర్లీ బి.డి.డి. చాళ్‌లలో దళితులకూ శివసైనికులకూ మధ్య ఘర్షణలు చెలరేగాయి. శాసనసభ స్థానం, లోక్‌సభ స్థానం పరిధులు వేరు, దళితుల బహిష్కరణ ప్రభావమూ ఉంది గనుక రెండు ఫలితాలను నేరుగా పోల్చలేం. అయినా ఒక విషయం స్పష్టం. పోరాటం సజీవంగా ఉన్నప్పుడు కార్మికుడు కార్మికుడిగా ఓటు వేశాడు. అది లేనప్పుడు వాడమనిషిగా వేశాడు.

ఇదే కాలంలో వామపక్షం వాడలోకి మరొక దారిలో వెళ్లగలిగింది. అహల్యా రంగ్‌ణేకర్, మృణాల్ గోరే వంటివారి నాయకత్వంలో 1972 నుంచి ధరల పెరుగుదలపై స్త్రీలు అప్పడాల కర్రలు చేతబట్టి ఊరేగింపులు చేశారు. ప్రేమా పురవ్ 1975లో ఖానావళి స్త్రీలను అన్నపూర్ణా మహిళా మండల్‌గా సంఘటితం చేశారు. వంటగది, రేషన్, అప్పు అన్నవి కూడా కార్మిక సమస్యలేనని ఇవి చూపించాయి. కానీ పురుషుల చేతిలోని మిల్లు సంఘం వీటిని తన ప్రధాన కార్యక్రమంలో కలుపుకోలేదు.

7. 1982 సమ్మె, 1985 నగరపాలక ఎన్నిక

1974 ఒప్పందం కార్మికులను నిరాశపరచింది. 1981 చివర్లో బోనస్ ప్రశ్నపై అసంతృప్తి రగిలినప్పుడు శివసేన మొదట గొంతెత్తి, తరువాత వెనక్కు తగ్గింది. కార్మికులు తామే వెళ్లి వైద్యుడైన దత్తా సామంత్‌ను నాయకత్వం వహించమని కోరారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. వేతన పెంపుతో పాటు 1946 చట్టం రద్దు, రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్ గుర్తింపు తొలగింపు ప్రధానమైన కోరికలు. గుర్తింపు సంఘాన్ని కూల్చేందుకు కార్మికులు ఏడాదికి పైగా పస్తులుండటం ‘సంఘ వ్యతిరేకత’ అన్న మాటను కొత్తగా ఆలోచింపజేస్తుంది. వాళ్లు తిరస్కరించింది తమకు చెందని సంఘాన్ని.

నీరా అడార్కర్, మీనా మీనన్ సేకరించిన మౌఖిక కథనాలు, హబ్ వాన్ వెర్ష్ చేసిన సమ్మె అధ్యయనం ఈ సందర్భంలో విలువైనవి. శివసేనతో అనుబంధం ఉన్న కార్మికులు సైతం సామంత్ వెంట నడిచారు. చాలామంది కొంకణానికి, సతారాకు తిరిగి వెళ్లి ఊరి పంట మీద బతుకుతూ సమ్మెను నిలబెట్టారు. ప్రభుత్వం, యాజమాన్యాలు దిగిరాలేదు. సమ్మెను ఎవరూ అధికారికంగా విరమించలేదు, అది కరిగిపోయింది. లక్షకు పైగా కార్మికులు ఉపాధి కోల్పోయారు.

తరువాతి రెండు ఎన్నికలు ఈ వ్యాస ప్రతిపాదనకు ముఖ్యమైన ఆధారాలు. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా కాంగ్రెస్ గాలి వీచినా బొంబాయి దక్షిణ మధ్య నుంచి దత్తా సామంత్ గెలిచాడు. కొద్ది నెలల తరువాత, 1985లో, నగరపాలక సంస్థ శివసేన వశమైంది. ఛగన్ భుజ్‌బల్ మేయర్ అయ్యాడు. ఢిల్లీకి సమ్మె నాయకుణ్ణి పంపిన ప్రాంతమూ ఆ నగరంలో భాగమే. ఢిల్లీలో తన ఓటమిని చెప్పే గొంతు కావాలి. నగరపాలక సంస్థలో కొళాయి, మరుగుదొడ్డి, ఇంటి మరమ్మతు చూసే చేయి కావాలి. మిల్లు మూతబడిన తరువాత గేటు లోపలి జీవితమే లేదు. ఇక మిగిలింది వాడ ఒక్కటే, అక్కడ తెరిచి ఉన్నది శాఖ ఒక్కటే.

1991 నగరాభివృద్ధి నిబంధనలు మిల్లు భూమిలో మూడో వంతు బహిరంగ స్థలానికి, మూడో వంతు ప్రజా గృహనిర్మాణానికి కేటాయించాలన్నాయి. 2001 సవరణ ఆ వాటాను కట్టడాలు లేని ఖాళీ నేలకు మాత్రమే పరిమితం చేసింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. 1995 నుంచి 1999 వరకు రాష్ట్రాన్ని పాలించిన శివసేన–భారతీయ జనతా పార్టీ కూటమి గానీ, తరువాతి కాంగ్రెస్ కూటమి గానీ మిల్లుల భూమిని కార్మికునికి దక్కించలేదు. మరాఠీ మనిషి పేరుతో ఓటు అడిగిన రాజకీయం ఆ మరాఠీ మనిషి నిలబడిన నేలను కాపాడలేకపోయింది.

8. తెలుగు నేల నుంచి చూస్తే

బొంబాయి చరిత్ర తెలుగు పాఠకునికి పరాయిది కాదు. నిర్మాణపు పనులకు వెళ్లిన తెలుగు శ్రామికుల పేరు మీదనే అక్కడ కామాఠీపురా ఏర్పడింది. బొంబాయి, భివండీ, షోలాపూర్‌లకు వలస వెళ్లిన పద్మశాలీలు మగ్గాల మీద, మిల్లుల్లో ఆ నగరాల సంపదను నేశారు. భూమిపుత్ర నినాదం మొదలైనప్పుడు వారు ఒక్కరోజులో తోటి కార్మికుల నుంచి బయటివారుగా మారారు. సంఘం వాడను వదిలిన చోట మొదట నష్టపోయేది ఇటువంటి వలస శ్రామికుడే.

భాషా ఉద్యమమూ కార్మిక ఉద్యమమూ కలిసి నడిచి, తరువాత విడిపోయిన క్రమానికి తెలంగాణలోనూ ఒక పోలిక ఉంది. 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఆర్టీసీ, సింగరేణి కార్మికులు ముందు నిలిచారు. ఉద్యమ పార్టీకి అనుబంధంగా ఉన్న సంఘాలను వారు తమవిగా చేసుకున్నారు. 2014లో రాష్ట్రం ఏర్పడింది. 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, విధులకు రానివారు తమను తామే తొలగించుకున్నట్టేనని అదే పార్టీ ప్రభుత్వం ప్రకటించింది. 52 రోజుల తరువాత సమ్మె ముగిసింది. సంఘాల స్థానంలో సంక్షేమ మండళ్లు వచ్చాయి. శివసేనకూ ఈ పార్టీకీ స్వభావంలో ఎంతో తేడా ఉంది. కాబట్టి ఈ పోలికను పరిమితంగానే వాడాలి. ప్రాంతం పేరుతో కలిసి నడిచిన కార్మికుడు, కార్మికుడిగా అడగటం మొదలుపెట్టగానే ఆ బంధుత్వం ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- గిరణ్‌గావ్ కార్మికుడు సంఘాన్ని వదిలి సంఘ వ్యతిరేకవైపు శాశ్వతంగా మారలేదు. 1970, 1974, 1984, 1985 ఫలితాలు అతని కదలికను చూపుతాయి, మతమార్పిడి వంటి మార్పును చూపవు.
- 1946 చట్టం యూనియన్‌ను కార్మికుని ఇష్టంతో పనిలేని కార్యాలయంగా మార్చింది. సంఘ వ్యతిరేక ప్రచారం నాటుకోవడానికి నేలను సిద్ధం చేసినవారిలో ఆ చట్టకర్తలూ ఉన్నారు.
- మరాఠీ అస్తిత్వ భాషను వీధిలోకి తెచ్చినవారిలో వామపక్షం ఒకటి. రాష్ట్రం వచ్చాక దానిని సమానత్వం దిశగా నడిపే పనిని అది కొనసాగించలేదు.
- కులవివక్ష, ఇల్లు, నీరు, కొడుకు ఉద్యోగం, స్త్రీల శ్రమ అన్నవి సంఘం అంచుల్లోనే ఉండిపోయాయి. ఆ ఖాళీని శాఖ నింపింది. సాయంతో నింపింది, హింసతో కూడా నింపింది.

‘తప్పుడు చైతన్యం’ అన్న మాట ఈ నాలుగింటిలో దేనినీ వివరించదు. పైగా అది తప్పంతా కార్మికుని మీదకు నెట్టి, సంఘాన్నీ చట్టాన్నీ రాజ్యాన్నీ ప్రశ్నించకుండా వదిలేస్తుంది. సంఘంలో ఉన్న కార్మికుడు సంఘ వ్యతిరేకికి ఎందుకు ఓటు వేశాడన్న ప్రశ్న వేసేవారు, అతడు షిఫ్టు దిగి ఇంటికి వెళ్లే దారిలో ఎవరెవరు ఎదురయ్యారో కూడా అడగాలి. నేటి కాంట్రాక్టు, గిగ్ కార్మికులకు మిల్లు గేటు వంటి ఒక్క చోటే లేదు. వారి విషయంలో వాడ నుంచి మొదలుకాని సంఘానికి నిలబడే తావు దొరకడం కష్టం. తెలుగు ప్రాంతాల పారిశ్రామిక వాడలలో, సింగరేణి కాలనీలలో, విశాఖ ఉక్కు నివాసాలలో సంఘ సభ్యత్వానికీ ఓటుకూ ఉన్న సంబంధంపై మౌఖిక చరిత్ర పద్ధతిలో పరిశోధనలు జరగవలసి ఉంది. కార్మికుని ఓటును తీర్పు చెప్పేముందు అతని మాట వినడం ఆ పరిశోధనలకు మొదటి నియమం కావాలి.